బస్తీలో జొన్నరొట్టెల వ్యాపారం: నలుగురికి పని దొరికేలా ఎలా పెట్టాలి?

హైదరాబాద్‌లో పొద్దుగూకితే ఏ కాలనీ మలుపులో చూసినా జొన్నరొట్టెల పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. ఇంకొకటి పెట్టడం పెద్ద పనేం కాదు. బస్తీలో నలుగురు ఆడవాళ్లకు ఏడాది పొడవునా పని దొరికేలా నడపడమే కష్టం.

1. గిరాకీ ఎవరో ముందే తేల్చుకోండి. ఎస్.ఆర్.నగర్ హాస్టల్ పిల్లలకు కడుపు నిండాలి, ధర తగ్గాలి. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు కల్తీ లేని జొన్న కావాలి, గోధుమపిండి కలిపితే ఇట్టే పట్టేస్తారు. ఇద్దరినీ ఒకేసారి పెట్టుకోకండి.

2. ప్యాకెట్ పిండి వద్దు. జొన్నలు కొని రెండు మూడు రోజులకు సరిపడా గిర్నీలో పట్టించండి. పాత పిండిని మరిగే నీళ్లతో కలిపినా తట్టేటప్పుడు అంచులు పగులుతాయి. రొట్టె పెనం మీద పడగానే పైన తడిగుడ్డతో తుడిచి, ఆ తడి ఆరాక తిప్పాలి. ఈ ఒడుపు జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చిన ఇళ్లలో చాలామందికి తెలుసు. వాళ్లతో రొట్టెకు ఇంత అని ముందే మాట్లాడుకోండి. అమ్ముడుపోకపోయినా ఆ డబ్బు ఇవ్వాల్సిందే. నష్టం యజమానిదే గానీ తట్టినవాళ్లది కాదు.

3. కాగితాలు. ఉద్యం (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే గుర్తింపు) రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, ఏజెంటుకు రూపాయి ఇవ్వక్కర్లేదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇంటి సిలిండర్ వాడకూడదు, 19 కిలోల కమర్షియల్‌దే పెట్టాలి. పెట్టుబడికి చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర పథకంలో శిశు రుణం తాకట్టు లేకుండా 50 వేల దాకా వస్తుంది.

4. ఉద్దెర దగ్గర జాగ్రత్త. మాదాపూర్ ఆఫీసు ఆర్డర్ చూడ్డానికి బాగుంటుంది, బిల్లు మాత్రం నెలల తరబడి నానుతుంది. ఉద్యం ఉంటే చట్టం మీవైపే: రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అడగొచ్చు. అయితే అంతదాకా పోతే ఆ గిరాకీ మళ్లీ రాదు. అందుకే వారం వారం లెక్క తేల్చుకోండి, ఏ ఒక్క ఆఫీసు మీదా సగం అమ్మకం ఆధారపడనివ్వకండి.

5. రోజూ రాత్రి మిగిలిన రొట్టెలు లెక్కపెట్టి, ఆ రోజు వానా, సెలవా అన్నది పక్కన రాయండి. సంక్రాంతికి, దసరాకు హాస్టళ్లు ఖాళీ అవుతాయి. అప్పుడు పని ఆపకుండా సరుకు మార్చండి: సంక్రాంతికి నువ్వులద్దిన సజ్జరొట్టెలు, మిగతా రోజుల్లో నిల్వ ఉండే, కరకరలాడే కడక్ రొట్టెలు. ఏది మార్చాలో మాత్రం రొట్టెలు తట్టేవాళ్లనే ముందు అడగండి. ఏ గల్లీలో ఎవరు కొత్తగా డైట్ మొదలుపెట్టారో మీకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది.