ఇంటి ఎలివేషన్ (వీధి నుంచి కనిపించే ముందు ముఖం) ఒకవైపు ఒరిగినట్టు కనిపించకుండా చూసుకోవడం ఎలా?

ముప్పై అడుగుల స్థలంలో ఒక పక్క మెట్లు, ఇంకో పక్క కారు పార్కింగ్ వచ్చాయంటే, చాలా ఇళ్లకు బరువంతా ఒకవైపే ఉన్నట్టు అనిపిస్తుంది. ప్లాన్ పెద్దగా మార్చకుండానే దీన్ని సర్దుకోవచ్చు. స్లాబ్ పడకముందు చూసుకుంటే ఖర్చూ తక్కువ.

1. ఎలివేషన్ డ్రాయింగ్ ప్రింట్ తీసి, మధ్యలో నిలువుగీత గీయండి. త్రీడీ బొమ్మ వద్దు, అందులో చెట్లూ లైట్లూ లోపాలను కప్పేస్తాయి.

2. కళ్లు సగం మూసి చూడండి. ముందు కంటికి తగిలేవే బరువులు: ముదురు రంగు, రాతి క్లాడింగ్ (గోడకు అతికించే రాతి పలకలు), ఎత్తైన గోడ, ముందుకు వచ్చిన బాల్కనీ. పార్కింగ్ ఖాళీయే కదా అనుకోకండి, పగటిపూట అది నల్లగా కనబడుతుంది కాబట్టి అదీ బరువే.

3. రెండు వైపులా అచ్చంగా ఒకేలా కట్టాలా? 1591 నాటి చార్మినార్‌కు అది కుదిరింది. తాజ్‌మహల్‌లో అయితే పడమర మసీదుకు జతగా తూర్పున అలాంటిదే మరో కట్టడం లేపారు, దాని పేరే జవాబ్. మన చిన్న స్థలాల్లో అంత పంతం అనవసరం.

4. అందుకే కావడి లెక్క చూడండి. బరువైన కుండ భుజానికి దగ్గరగా, తేలికది దూరంగా ఉంటే కావడి నిలుస్తుంది. మెట్ల గది నిలువుగా లేచినప్పుడు, దాన్ని వీలైనంత గీత దగ్గరికి తెచ్చి, రెండో పక్క సన్నటి సజ్జానో బాల్కనీనో చివరిదాకా అడ్డంగా సాగదీయండి. పెన్సిల్వేనియాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన ఫాలింగ్‌వాటర్ ఇంట్లో ఇదే కనిపిస్తుంది: నిలువు రాతి చిమ్నీ ఒకటి, దాన్ని పట్టుకుని అడ్డంగా చాచిన కాంక్రీటు టెర్రస్‌లు. ఎంత సాగదీయొచ్చో మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీరునే అడగండి, సెట్‌బ్యాక్ (స్థలం హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) కూడా చూసుకోండి.

5. కిటికీల సైజులు వేరైనా లింటెల్ (కిటికీ పైన వచ్చే దూలం) మట్టం ఒకటే ఉంచండి.

6. ఇల్లు ఇప్పటికే పూర్తయిందా? రంగుతో సరిచేయండి. మెట్ల గదికే ముదురు రంగు వేయడం మన పెయింటర్లకు అలవాటు, ఆ బరువు ఇంకా పెరుగుతుంది. దానికి లేత రంగు వేయించి, ముదురు రంగును రెండో పక్కకు ఇవ్వండి.

7. వాటర్ ట్యాంకును చాలాసార్లు డ్రాయింగ్‌లో వేయరు. వాస్తు ప్రకారం నైరుతిలో పెడితే, పడమర ముఖం ఇంటికి అది సరిగ్గా వీధి వైపే వస్తుంది. దాన్ని కూడా గీసి చూసుకున్నాకే పిట్టగోడ ఎత్తు తేల్చండి.