నారోబోటు నేర్చుకుందాం – మూడో పాఠం: బొగ్గు నది మీద మూడు రోజుల ప్లాను

పోయిన పాఠంలో నారోబోటు, అంటే ఇంగ్లండు కాలువల్లో తిరిగే సన్నటి పొడుగాటి పడవ, టిల్లర్ (చుక్కాని పిడి) పట్టుకోవడం, పడవను నెమ్మదించడం, ఒడ్డుకు చేర్చడం చూశాం. ఈసారి ఇంజను జోలికి పోవద్దు. బల్ల మీద మ్యాపు పరిచి, పక్కన పెన్సిలు, కాగితం పెట్టుకోండి. ఈ పాఠంలో నేర్చుకునేది ప్లాను వేయడం. అందుకు ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో ఎయిర్ అండ్ కాల్డర్ నావిగేషన్‌ను, అంటే పడవలు తిరిగేలా బాగుచేసిన నది దారిని, తీసుకుంటున్నాను. లీడ్స్‌లో బయలుదేరి, కాసిల్‌ఫోర్డ్ దగ్గర మలుపు తిరిగి, వేక్‌ఫీల్డ్ చేరతాం.

ముందే చెప్పేస్తున్నా, ఇది పోస్టుకార్డు అందం ఉన్న దారి కాదు. పచ్చని కొండలూ గొర్రెలూ కావాలంటే వేల్స్ వైపు లాంగోలెన్ కాలువకు వెళ్లండి. ఇక్కడ కనబడేవి గోదాములు, రైలు వంతెనలు, పాత మిల్లులు, ఇనప రేకుల గోడలు. నాకు మాత్రం ఇదే నచ్చుతుంది. ప్లాను వేయడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు, ఎందుకంటే ఈ నదిని బాగుచేసింది మనలాంటి షికారువాళ్ల కోసం కాదు. 1699లో పార్లమెంటు చట్టం తెచ్చి నదిని పడవలకు అనువుగా మార్చింది ఉన్ని, బట్టల వ్యాపారులు. తర్వాత రెండు శతాబ్దాలకు పైగా బొగ్గు రాజ్యమేలింది. అందుకే లాకులు (పడవను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించే, దించే నీటి గదులు) పెద్దవి, లాకుకూ లాకుకూ మధ్య దూరం ఎక్కువ, పడవ కట్టుకోవడానికి వీలైన చోట్లు తక్కువ. ఈ మూడో సంగతే మన ప్లానును నడిపిస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మైళ్లు లెక్కపెట్టి, రోజుకు ఇన్ని అని భాగించి, అక్కడితో ప్లాను అయిపోయిందంటారు. కాలువ మీద అది చెల్లుతుంది. పొద్దుపోతే ఏ గట్టు పక్కనో మేకు దిగ్గొట్టి తాడు కట్టేసుకోవచ్చు. నది మీద అలా కుదరదు. ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది, లేదా నిలువు గోడలా ఉంటుంది. నీటిమట్టం రాత్రికి రాత్రే పెరగొచ్చు, తగ్గొచ్చు. కాబట్టి పెన్సిలుతో మొదట గుర్తు పెట్టాల్సింది ఆగే చోట్లను. మైళ్ల లెక్క ఆ తర్వాత.

మన దారిలో గుర్తులు పెడదాం. లీడ్స్ డాక్ మన మొదలు. 1843 నాటి రేవు అది, పాత పేరు క్లారెన్స్ డాక్, ఇప్పుడు పక్కనే రాయల్ ఆర్మరీస్ మ్యూజియం ఉంది. తర్వాత వుడ్‌ల్స్‌ఫోర్డ్. లాకు దగ్గర ఆగే చోటు ఉంది, రైలు స్టేషనూ నడిచి వెళ్లేంత దగ్గర. మొదటి రోజు ఆఫీసు నుంచి రాలేకపోయిన బావగారు రైలు దిగి ఇక్కడ పడవ ఎక్కొచ్చు. ఆ తర్వాత లెమన్‌రాయిడ్, అక్కడ మెరీనా (షికారు పడవలు నిలిపే రేవు) ఉంది. తర్వాత కాసిల్‌ఫోర్డ్, అదీ స్టేషన్ ఉన్న ఊరే. అక్కడి నుంచి స్టాన్లీ ఫెర్రీ. చివరికి వేక్‌ఫీల్డ్. ఆరు గుర్తులు. వీటి మధ్యలో ఎక్కడో ఆగుదాంలే అనే ఆలోచన ఉంటే ఇప్పుడే కొట్టేయండి.

ఇప్పుడు సమయం. లీడ్స్ నుంచి కాసిల్‌ఫోర్డ్ సుమారు 10 మైళ్లు. నారోబోటుకు గంటకు 3 మైళ్లు వేసుకోండి. నది మీద అంతకంటే వేగంగా పోనిచ్చినా, లెక్కలో మాత్రం 3 దాటొద్దు. అంటే 3 గంటల 20 నిమిషాలు. దారిలో లాకులు: లీడ్స్, నాస్ట్రాప్, ఫిష్‌పాండ్, వుడ్‌ల్స్‌ఫోర్డ్, లెమన్‌రాయిడ్. ఐదు. ఒక్కోదానికి 20 నిమిషాలు. మొత్తం 5 గంటలు. కాసిల్‌ఫోర్డ్ నుంచి వేక్‌ఫీల్డ్ దాదాపు 7.5 మైళ్లు. అందులో కొంత భాగం కాల్డర్ నదికి ఎదురెక్కాలి, అందుకని గంటకు 2.5 మైళ్లు వేస్తే 3 గంటలు. వుడ్‌నుక్, కింగ్స్ రోడ్, బర్క్‌వుడ్ లాకులకు ఒక గంట. ఇదో 4 గంటలు. బ్రాడ్‌రీచ్ దగ్గరున్నది వరద లాకు, అంటే నది పొంగినప్పుడు మూసేది. మామూలు రోజుల్లో రెండువైపులా తలుపులు తెరిచే ఉంటాయి, నేరుగా పోవచ్చు.

రెండూ కలిపితే 9 గంటలు. రెండు రోజుల్లో హాయిగా అయిపోతుంది కదా, మూడు రోజులెందుకు? మూడో రోజు నది కోసం. అది మనం వాడుకునే రోజు కాదు, నదికి అప్పుగా ఇచ్చే రోజు. నది అడగలేదనుకోండి, వేక్‌ఫీల్డ్ ఊరు చుట్టి రండి.

నది ఎప్పుడు అడుగుతుంది? ఎయిర్ నది పుట్టేది మాలమ్ దగ్గర, యార్క్‌షైర్ డేల్స్ కొండల్లో. లీడ్స్‌లో ఫెళ్లున ఎండ కాస్తున్నా, కొండల్లో రాత్రి కురిసిన వాన ఆలస్యంగా మీ దగ్గరకు వస్తుంది. కాబట్టి వాతావరణం చూసేటప్పుడు మీరున్న ఊరు కాదు, ఎగువ ఊళ్లు చూడండి. కాల్డర్‌కు ఎగువ అంటే టాడ్‌మర్డెన్, హెబ్డెన్ బ్రిడ్జ్ వైపు. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనే ప్రభుత్వ సంస్థ నదుల మట్టాలను ఆన్‌లైన్‌లో పెడుతుంది. బయలుదేరడానికి వారం ముందు నుంచే రోజూ ఓసారి చూస్తూ రాసుకోండి. అంకె ఎంత అన్నదానికంటే పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే ముఖ్యం. ఇది అతి జాగ్రత్త అనిపిస్తే 2015 డిసెంబర్ 26 గురించి లీడ్స్‌లో ఎవరినైనా అడగండి. క్రిస్మస్ మర్నాడు ఎయిర్ నది ఊళ్లోకి వచ్చేసింది. ఆ తర్వాత 2017లో పూర్తయిన వరద రక్షణ పనుల్లో క్రౌన్ పాయింట్, నాస్ట్రాప్ దగ్గర కిందికి దించగలిగే కదిలే వీయర్లు (నదికి అడ్డంగా కట్టే చిన్న ఆనకట్టలు) కట్టారు. నాస్ట్రాప్ దగ్గర నదికీ కాలువకీ మధ్య ఉన్న లంకగట్టును కూడా తీసేశారు.

దీన్నుంచి ప్లానుకు పనికొచ్చే సంగతి ఒకటుంది. పాత గైడు పుస్తకం వాడకండి. నాస్ట్రాప్ దగ్గర పాత మ్యాపు చూపించేది ఇప్పుడు లేదు. లెమన్‌రాయిడ్ దగ్గరైతే మరీ విచిత్రం. 1988 మార్చిలో సెయింట్ ఎయిడన్స్ బొగ్గు ఓపెన్‌కాస్టు గని పక్కన గట్టు తెగి, నది మొత్తం గనిలోకి దిగిపోయింది. దిగువ నీళ్లు కూడా వెనక్కి మళ్లి గోతిలోకి పారాయి. చివరికి నదికీ నావిగేషన్‌కీ కొత్త దారి తవ్వాల్సి వచ్చింది. ఉన్న రెండు లాకులూ పోయి, 1995లో వాటి బదులు ఇప్పటి లెమన్‌రాయిడ్ లాకు వచ్చింది. ఆ గని ఇప్పుడు పక్షుల అభయారణ్యం. గనిలో మట్టి తవ్విన బ్రహ్మాండమైన డ్రాగ్‌లైన్ యంత్రాన్ని అక్కడే ఉంచేశారు. లెమన్‌రాయిడ్‌లో ఆగిన సాయంత్రం పిల్లల్ని అటు తీసుకెళ్లండి.

ఇక లాకులు. ధవళేశ్వరం దగ్గరో, డెల్టా కాలువల మీదో లాకులు చూసినవాళ్లకు పని తెలిసే ఉంటుంది. గదిలో నీళ్లు నింపితే పడవ లేస్తుంది, వదిలితే దిగుతుంది. కానీ ఇక్కడి గది మనకు అలవాటైనంతది కాదు. లీడ్స్ నుంచి కాసిల్‌ఫోర్డ్ దాకా దాదాపు 60 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. 7 అడుగులు కూడా లేని మన పడవ అందులో ఈ గోడకూ ఆ గోడకూ కొట్టుకుంటుంది. అంత పెద్దవి కావడానికి ఒక కారణం టామ్ పుడింగులనే ఇనప పెట్టెలు. 1860లలో విలియం బార్తోలొమ్యూ అనే ఇంజనీరు ఆలోచన అది. ఒక్కో పెట్టెలో 40 టన్నుల దాకా బొగ్గు పోసి, రైలు పెట్టెల్లా వరసగా తగిలించి, టగ్గుతో (లాగే పడవతో) గూల్ రేవుకు లాక్కెళ్లేవాళ్లు. అక్కడ హాయిస్టు పెట్టెను నీళ్లలోంచి అమాంతం పైకెత్తి ఓడలోకి బోర్లించేది. 1980ల దాకా ఇది నడిచింది.

లాకులు ఇప్పుడు కరెంటువి, నడిపేది మీరే. అందుకు ఈ జలమార్గాలను చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ తాళంచెవి కావాలి. పడవ అద్దెకిచ్చేవాళ్లు ఇస్తారు, ఇచ్చారో లేదో బయలుదేరే ముందే చూసుకోండి. పద్ధతి ఇది. లాకుకు ముందున్న దీపం చూడండి. ఎరుపు ఉంటే ఆగాలి. ఆకుపచ్చ ఉంటే లాకు కీపరు ఉన్నాడు, లోపలికి పోవచ్చు. ఎరుపు, ఆకుపచ్చ రెండూ కలిపి ఉంటే మీ కోసం లాకు సిద్ధం చేస్తున్నారు, కాసేపు ఆగండి. పసుపుపచ్చ ఉంటే ఎవరూ లేరు, మీరే నడుపుకోవాలి. ఎరుపు మిణుకు మిణుకుమంటుంటే నది వరదలో ఉంది, ఇక ఆ రోజుకు ప్రయాణం లేదు. పసుపు దీపమైతే ఒకరు ఒడ్డు దిగి, గట్టు మీది డబ్బాలో తాళంచెవి పెట్టి తిప్పాలి. బటన్లు వెలుగుతాయి. ముందు నీటి తూములు, రెండువైపులా మట్టం సమానమయ్యాక తలుపులు. తలుపులన్నీ మూసి, తూములు దించేదాకా తాళంచెవి బయటికి రాదు. రావట్లేదని గుంజకండి, ఏదో ఒక తలుపు పూర్తిగా మూసుకోలేదని అర్థం.

పోయిన పాఠం చివర అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే చెబుతాను. లాకులో తాడును బొల్లార్డుకు (గట్టు మీది కట్టు గుంజకు) ముడి వెయ్యాలా? వెయ్యకూడదు. ఒక చుట్టు చుట్టి, కొస చేతిలో పట్టుకోవాలి. నీళ్లు దిగుతున్నకొద్దీ తాడు వదలాలి, పెరుగుతుంటే లాగాలి. ముడి వేస్తే పడవ ఒక పక్క వేలాడుతుంది. కాసిల్‌ఫోర్డ్ దాకా అన్నీ దిగే లాకులే. వెనకవైపు తలుపు కింద నీళ్లలో దాగి ఉండే సిల్ అనే అంచు మీద పడవ తోక కూర్చోకుండా, గోడ మీది గీతకు ముందుగా ఉంచండి. వేక్‌ఫీల్డ్ వైపు ఎక్కేటప్పుడు, నీళ్లు ఉరికివచ్చే ఎదుటి తలుపుకు దూరంగా, వెనక్కి ఉండండి. స్టౌ మీద కుక్కరు పెట్టి లాకులోకి వెళ్లొద్దు. పప్పు ఉడకడం లాకు దాటాకే.

కాసిల్‌ఫోర్డ్ దగ్గర కాస్త నిలబడాలి. మ్యాపు మీద ఇక్కడ వేలు పెట్టి చూడండి. ఎయిర్, కాల్డర్ కలిసే కూడలి ఇది. ఒక పాయ వరద లాకు గుండా గూల్ వైపు, ఒకటి కాల్డర్ మీదుగా వేక్‌ఫీల్డ్‌కు, మరొకటి ఊళ్లోని వీయర్ మీదికి. మూడోదాంట్లోకి పోకూడదు. బోర్డులు పెద్దవే, కానీ ప్రవాహం తోస్తుండగా బోర్డు చదివి అప్పుడు నిర్ణయించుకుందామంటే కుదరదు. ఏ పాయ ఎటు పోతుందో ముందు రోజు రాత్రే పడవలో అందరికీ మ్యాపు మీద చూపించండి. లెమన్‌రాయిడ్ దాటిన దగ్గర్నుంచి మీరున్నది అసలు నది మీదే. కాబట్టి ఆ లాకు దాటకముందే లంగరు సిద్ధంగా ఉండాలి. గొలుసు, తాడు తగిలించి, కొస పడవకు కట్టి, చేతికి అందేలా పెట్టాలి. ఇంజను ఆగిపోతే వీయర్‌కూ మీకూ మధ్య ఉండేది అదొక్కటే. పెట్టె అడుగున పడేసిన లంగరు లేనట్టే లెక్క. లైఫ్ జాకెట్లు ఈత వచ్చినవాళ్లు కూడా వేసుకోవాలి.

కాల్డర్ మీద కొంచెం ఎదురెక్కాక మళ్లీ కాలువలోకి వచ్చేస్తారు. దారిలో స్టాన్లీ ఫెర్రీ దగ్గర మీ కాలువ నది మీదుగా దాటుతుంది. 1839 నాటి ఇనప తొట్టి అది, పైన విల్లులాంటి ఆర్చీల నుంచి వేలాడుతుంటుంది. పక్కనే 1981లో కాంక్రీటుది ఇంకొకటి కట్టారు. రెండో రాత్రి ఇక్కడే ఆగండి, పడవ కట్టేసి నడుచుకుంటూ వెళ్లి ఆ ఇనప ఆర్చీని కింది నుంచి చూడండి.

వేక్‌ఫీల్డ్ దాటి ఇంకా పైకి పోదామనుకునేవాళ్లు పడవ అద్దెకు తీసుకునేటప్పుడే పొడవు అడగాలి. అక్కడి నుంచి మొదలయ్యే కాల్డర్ అండ్ హెబుల్ మీద చాలా లాకులు పొట్టివి, సుమారు 57 అడుగుల పడవకే సరిపోతాయి. ఇంతసేపూ పెద్ద పెద్ద గదుల్లో ఈదిన మీ 70 అడుగుల పడవ ఆ పొట్టి లాకుల్లో పట్టదు. ఇంకో సంగతి, ట్రస్ట్ పెద్ద మరమ్మతులు ఎక్కువగా నవంబర్ నుంచి మార్చి మధ్య చేస్తుంది. ఆ నెలల్లో వెళ్లేట్టయితే మూసివేతల నోటీసులు చూడకుండా డబ్బు కట్టకండి.

ఈ వారం అభ్యాసం. ఇదే ప్లానును తిరగేసి రాయండి, వేక్‌ఫీల్డ్ నుంచి లీడ్స్‌కు. ఎక్కడ దిగుతారు, ఎక్కడ ఎక్కుతారు, ఏ భాగంలో గంటకు 2.5 మైళ్లు వేయాలి, ఏ రెండు చోట్ల రాత్రి ఆగాలి? రెండో రోజు ఉదయం కాసిల్‌ఫోర్డ్‌లో లేచేసరికి మట్టం పెరుగుతోంది, లాకు దగ్గర ఎర్ర దీపం మిణుకుమంటోంది. ఆ రోజు ఏం చేస్తారో, మూడో రోజు ఎక్కడి దాకా పోగలరో వేళలతో సహా రాయండి. వచ్చే పాఠంలో మీ వేళలు, నా వేళలు పక్కపక్కన పెట్టి చూసి, ఆ తర్వాత నది మీద రాత్రి పడవ కట్టే తాళ్ల పని మొదలుపెడదాం.