గ్యారేజ్ సేల్‌లో పనిముట్లు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

గ్యారేజ్ సేల్‌లో, అంటే ఇంటివాళ్లు తమ పాత సామాను ఇంటి దగ్గరే అమ్ముకునే చోట, పాత పనిముట్టు చేతిలోకి తీసుకున్నప్పుడు తుప్పు చూసి భయపడకండి. పైపైన పట్టిన తుప్పు పోతుంది. వంగింది, పగిలింది మాత్రం బాగవదు. చాలామంది తుప్పు పట్టిన మంచి ఉలిని వదిలేసి, మెరుస్తోందని బ్యాటరీ చచ్చిన డ్రిల్లు కొనుక్కుపోతారు. కొత్త బ్యాటరీ ధర విన్నాక ఆ బేరం బేరమే కాదని తెలుస్తుంది.

జేబులో కొలత టేపు, చిన్న అయస్కాంతం, టార్చి ఉంచుకోండి. ఇత్తడి కుళాయి అన్నదానికి అయస్కాంతం అంటుకుంటే అది పూత పూసిన ఇనుమే. తలుపు కావాలంటే ఎత్తు, వెడల్పు, మందం, మడతబందులు ఏ పక్కన రావాలో ముందే రాసుకుని వెళ్లండి.

రంపాన్ని కంటి ఎత్తుకు లేపి పళ్ల వెంబడి చూడండి. ఒకచోట మడత పడి ఉంటే వద్దు. సుత్తి తల ఊగుతుంటే పిడి మార్చుకోవచ్చు కానీ, ముఖం అంచులు చిట్లి ఉంటే ముట్టుకోవద్దు. దెబ్బ కొట్టినప్పుడు ముక్క ఎగిరి కంట్లో పడుతుంది. చిత్రికలో బ్లేడు బయటికొచ్చే సందు చుట్టూ టార్చి వేసి పగుళ్లు వెతకండి.

ఉలిని మాత్రం తీరిగ్గా చూడాలి. దాని వెనక చదునుగా ఉన్న ముఖాన్ని వెలుతురులోకి తిప్పండి. రెండు ముఖాలు కలిసే గీతే పదును కాబట్టి, అక్కడ తుప్పు గుంటలు తిని ఉంటే ఎంత సాన పట్టినా అంచు నొక్కులుగానే వస్తుంది. గుంటలు పిడి వైపు ఉంటే నష్టం లేదు.

ఇంటికి తెచ్చాక పిడి తడవకుండా ఇనుమును మామూలు వెనిగర్‌లో రాత్రంతా ఉంచి, స్టీలు పీచుతో రుద్దండి. తర్వాత లీటరు నీళ్లలో రెండు చెంచాల తినే సోడా కలిపి కడగాలి. పులుపు మిగిలితే మళ్లీ తుప్పు పడుతుంది. వెంటనే తుడిచి, ఆరబెట్టి, పలచగా నూనె రాయండి. రోజుల తరబడి నానబెడితే వెనిగర్ మంచి ఇనుమునూ తినేస్తుంది.

కరెంటు పనిముట్లు నడిపి చూడకుండా కొనొద్దు. ముందు వైరు మొత్తం వేళ్లతో తడమండి. తిరుగుతున్నప్పుడు గాలి సందుల్లోంచి చూస్తే, మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షుల దగ్గర చిన్న నిప్పురవ్వలు మామూలే. చుట్టూ తిరిగే మంట కనిపిస్తే మోటారు పాడైనట్టే. ప్లగ్గు తీసి, డ్రిల్లు బిట్టును పట్టి ఉంచే చక్‌ను పక్కలకు కదపండి, ఊగితే బేరింగు అరిగింది. కవచం లేని గ్రైండరు ఎంత చవకైనా వద్దు. కోత డిస్కుల మధ్య లోహపు రింగు మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటితే వదిలేయండి. వేగంగా తిరిగేటప్పుడు పగిలిపోవచ్చు.

సామగ్రిలో తలుపులు, కలప, టైల్స్ లాభం. కలపకు సన్నని రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి ఉంటే పురుగు ఇంకా లోపలే ఉండొచ్చు. టైల్స్ పెట్టెలన్నింటి మీద రంగు ఛాయ తెలిపే షేడ్ నంబరు ఒకటేనా చూసి, విరిగేవాటికి నూటికి పది ఎక్కువ కొనండి. తర్వాత అదే రంగు దొరకదు. గడ్డకట్టిన సిమెంటు, తొడుగు పెళుసెక్కిన కరెంటు వైరు ఉచితంగా ఇచ్చినా వద్దు. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే హానికరమైన పీచు ఉండొచ్చు, వాటిని కోయకూడదు.

ఎంపిక కావాలంటే పొద్దున్నే, ధర తగ్గాలంటే సర్దుకునే వేళకు వెళ్లండి. నచ్చినవన్నీ ఒకచోట కుప్ప పెట్టి, మొత్తానికి ఒకే ధర అడగండి.