పోర్ట్ పెడితే డబ్బు ఎక్కడ పోతుంది, ఎలా ఆపాలి

నంబర్ మారకుండా కంపెనీ మారడానికి, అంటే పోర్ట్ కావడానికి, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్క ప్రకారం అయ్యే ఖర్చు పది రూపాయల లోపే. అది కూడా కొత్త కంపెనీకి కట్టేది. చాలాసార్లు వాళ్లు అడగను కూడా అడగరు. ప్రీపెయిడ్ వాళ్లు వెళ్లిపోతున్నందుకు పాత కంపెనీకి కట్టాల్సింది ఏమీ లేదు. అయినా చేతి చమురు వదులుతోందంటే తప్పు తేదీ దగ్గరో, పాత బిల్లు దగ్గరో ఉంటుంది.

1900కి మెసేజ్ పోవడం లేదు

పోర్ట్ 1900కి పంపే మెసేజ్‌తో మొదలవుతుంది, జవాబుగా వచ్చే కోడ్‌ను కొత్త కంపెనీ షాపులో ఇవ్వాలి. కానీ చిన్న రీచార్జ్ ప్లాన్లలో ఎస్సెమ్మెస్‌లు ఉండవు. దాంతో పోర్ట్ కోసమే పెద్ద ప్యాక్ వేయించుకున్నవాళ్లు ఉన్నారు. ఆ ఖర్చు అక్కర్లేదు. ఏ ప్లాన్‌లో ఉన్నా పోర్ట్ మెసేజ్ పంపుకోనివ్వాలని 2021 డిసెంబర్‌లోనే ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. ఇంగ్లిష్ అక్షరాల్లో పోర్ట్ అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, పది అంకెల నంబర్ కొట్టి 1900కి పంపాలి. రెండు సిమ్‌లు ఉన్న ఫోన్‌లో మెసేజ్ ఏ సిమ్ నుంచి పోతోందో చూసుకోండి. చాలామంది విషయంలో అసలు సమస్య అదే.

మెసేజ్ పోయింది, కోడ్ మాత్రం రాలేదు

కారణం జవాబు మెసేజ్‌లోనే రాసి ఉంటుంది, చాలామంది చదవరు. సిమ్ తీసుకుని గానీ, గతంలో పోర్ట్ అయి గానీ 90 రోజులు నిండకపోతే కోడ్ ఇవ్వరు. పోయిన సిమ్‌కో పాడైన సిమ్‌కో బదులు కొత్తది తీసుకుంటే ఏడు రోజులు ఆగాలి. సిమ్ మోసాల వల్ల 2024 జులై 1 నుంచి వచ్చిన నిబంధన ఇది. పేరు మార్పిడి దరఖాస్తు నడుస్తున్నా కోడ్ రాదు. ఆఫీసు ఇచ్చిన నంబరైతే ఆఫీసు నుంచి అనుమతి లేఖ తేవాలి.

నాన్న పేరు మీదున్న సిమ్‌ను కొడుకు వాడటం మన ఇళ్లలో మామూలే. పోర్ట్ పెట్టడానికి ముందు దాన్ని మీ పేరుకు మార్చే పని పెట్టుకుంటే ఆలస్యం. ఎవరి పేరుందో వాళ్లనే ఆధార్‌తో షాపుకు తీసుకెళ్లండి.

మొన్న వేసిన రీచార్జ్ మొత్తం పోయింది

ప్రీపెయిడ్ బ్యాలెన్సు, మిగిలిన రోజులు, డేటా ఏవీ కొత్త కంపెనీకి రావు, వాటి డబ్బు తిరిగివ్వరు కూడా. కాబట్టి ప్యాక్ ముగిసే తేదీ నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి. సర్కిల్ (టెలికాం కంపెనీలు దేశాన్ని విభజించుకున్న ప్రాంతం) లోపల పోర్ట్‌కు మూడు పనిదినాలు, వేరే సర్కిల్‌కు ఐదు. టెలికాం లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంకా ఒకే సర్కిల్. వరంగల్‌లో తీసుకున్న నంబర్‌ను విజయవాడలో పోర్ట్ పెట్టినా మూడు రోజులే. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ అక్కడి సర్కిల్‌కు మార్చుకుంటే ఐదు. ఆదివారాలు, పండగలు మధ్యలో వస్తే వాటినీ కలుపుకోండి. మన సర్కిల్‌లో కోడ్ నాలుగు రోజులే చెల్లుతుంది కాబట్టి మరీ ముందు తీసుకుని కూర్చున్నా లాభం లేదు.

ఆటోపే పెట్టి ఉంటే కోడ్ తీసుకోకముందే ఆపండి. లేకపోతే మీరు వెళ్లే ముందురోజు పాత నంబర్‌కు మూడు నెలల ప్యాక్ పడవచ్చు.

ఎగ్జిట్ చార్జి కడితేనే వదులుతాం అంటున్నారు

ఇది పోస్ట్‌పెయిడ్ వాళ్ల బాధ. ఇందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి.

మొదటిది బకాయి. ఇచ్చేసిన బిల్లు గడువు దాటినా కట్టకపోతే కోడ్ ఆపుతారు, అది న్యాయమే. ఇంకా బిల్లు తయారుకాని వాడకం మాత్రం కోడ్ ఆపడానికి కారణం కాదు. బిల్లు రాగానే కట్టేసి అదే వారంలో పోర్ట్ పెడితే చివరి బిల్లు కూడా చిన్నదిగా వస్తుంది.

రెండోది ఒప్పందం. మన దేశంలో లాక్-ఇన్ ప్లాన్లు, అంటే కొంతకాలం వదిలి వెళ్లకూడదనే షరతున్న ప్లాన్లు, తక్కువే గానీ లేకపోలేదు. 2019లో వొడాఫోన్ తెచ్చిన రెడ్‌ఎక్స్ ప్లాన్‌లో ఆరు నెలల లోపు వెళ్తే 3000 రూపాయలు కట్టాలన్న షరతు ఉండేది. ఫోన్‌తోనో, విలువైన సబ్‌స్క్రిప్షన్‌తోనో కలిపి ఇచ్చే ప్లాన్లలో ఇలాంటివి వెతకండి. షరతు నిజంగా ఉంటే గడువు ఇంకెన్ని రోజులుందో చూసుకుని ఆగడమే చవక. కాల్ సెంటర్ మనిషి నోటిమాటగా చెబితే మాత్రం ఒప్పుకోవద్దు. ఏ షరతు కింద, ఎంత, ఎందుకో మెసేజ్‌లోనో మెయిల్‌లోనో పంపమనండి. లేని చార్జీ అక్కడే ఆగిపోతుంది.

ఫ్యామిలీ ప్లాన్ అయితే ప్రధాన నంబర్ వెళ్లిపోతే మిగతా నంబర్లు ఏమవుతాయో ముందే అడగాలి.

పోర్ట్ అయిన కొన్నాళ్లకు కొత్త సిమ్ ఆగిపోయింది

పోస్ట్‌పెయిడ్ వాళ్లను అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. కొత్త కంపెనీ తప్పేమీ ఉండదు. చివరి బిల్లు తేదీ నుంచి పోర్ట్ అయిన రోజు వరకు వాడకానికి పాత కంపెనీ ఇంకో బిల్లు వేస్తుంది. కంపెనీ మారాక పాత యాప్‌లోకి లాగిన్ కాలేక, పాత మెయిల్ ఐడీ చూడక, జనం దాన్ని వదిలేస్తారు. గడువు దాటితే నోటీసు ఇచ్చి, మీ నంబర్ ఆపమని కొత్త కంపెనీని అడిగే హక్కు పాత కంపెనీకి ఉంది. కడితే నంబర్ తిరిగి పనిచేస్తుంది. నిర్లక్ష్యం చేస్తే బ్యాంకులన్నిటికీ ఇచ్చిన నంబరే చేజారవచ్చు. పోర్ట్ పెట్టేముందే బిల్లు వచ్చే మెయిల్ సరిచూసుకోండి, కట్టాక రసీదు దాచండి. సెక్యూరిటీ డిపాజిట్ ఉంటే అందులోంచి మినహాయించి మిగతాది ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. అడగని డిపాజిట్ సంగతి వాళ్లంతట వాళ్లు ఎత్తరు.

ఆఫర్ ఇస్తాం, ఉండిపోండి అని ఫోన్లు

ఆఫర్ బాగుంటే, కొత్త కంపెనీలో దరఖాస్తు ఇచ్చిన 24 గంటల లోపు ఇంగ్లిష్‌లో క్యాన్సిల్ అనీ, నంబరూ కొట్టి 1900కి పంపితే పోర్ట్ ఆగుతుంది. ఆఫర్ మెసేజ్‌గా వచ్చాకే ఆ పని చేయండి. ఫోన్‌లో పోర్ట్ కోడ్ చెప్పమనేవాళ్లకు మాత్రం చెప్పొద్దు. అది కొత్త కంపెనీ షాపులో ఇవ్వాల్సిన కోడ్.

ఎంత చెప్పినా చార్జీ తీయడం లేదు

కంపెనీ ఫిర్యాదుల లైన్ 198కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. తేలకపోతే అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లాలి, ఫీజు ఉండదు. అక్కడా కాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్. టెలికాం గొడవలు కమిషన్ వినకూడదని కొన్నేళ్లు కంపెనీలు వాదించాయి, వినవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది.