ధర దగ్గరే మొదలయ్యే బాధ్యత: సామాజిక లక్ష్యంతో కన్సల్టెన్సీ నడపడం

స్వచ్ఛంద సంస్థలకు, ప్రభుత్వ శాఖలకు, కంపెనీల సీఎస్‌ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) విభాగాలకు సర్వేలు, మదింపులు చేసిపెట్టే చిన్న కన్సల్టెన్సీని ప్రారంభించాలనుకునేవారికి పని కొరత ఉండదు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. ఈ బాధ్యత సగటున 10 కోట్ల రూపాయలు, అంతకుమించి ఉన్న కంపెనీలు తమ పెద్ద ప్రాజెక్టుల ప్రభావాన్ని స్వతంత్ర సంస్థ చేత మదింపు చేయించాలని 2021 సవరణలు నిర్దేశించాయి. అందువల్ల అసలు ప్రశ్న పని దొరకడం గురించి కాదు. ఏ పనిని, ఎంత ధరకు, ఎంత గడువుకు ఒప్పుకుంటున్నామన్నదే. సంస్థ లక్ష్యమూ, ఉద్యోగుల క్షేమమూ ఆ ఒప్పుకోలులోనే తేలిపోతాయని నా గట్టి నమ్మకం.

సంస్థ రూపం గురించి ఎక్కువ మథనపడనవసరం లేదు. సెక్షన్ 8 కంపెనీ, అంటే సేవా లక్ష్యాలతో అదే కంపెనీల చట్టం కింద నమోదయ్యే సంస్థ, లాభాలను సభ్యులకు పంచకూడదు. రుసుములతో నడిచే కన్సల్టెన్సీకి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ గానీ ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) గానీ సరిపోతుంది. లాభంలో ఎంత భాగం నిల్వనిధికి, ఎంత భాగం ఉద్యోగులకు వెళ్లాలో మొదటి రోజే ఒప్పందంలో రాసుకోండి.

ధర లెక్కను మాత్రం ఎంతో శ్రద్ధగా వేయాలి. నెలకు 60,000 రూపాయల జీతం తీసుకునే ఉద్యోగి రోజు ఖర్చును చాలామంది జీతాన్ని 26తో భాగించి సుమారు 2,300 రూపాయలుగా రాస్తారు. నిజానికి ఏడాదిలోని 365 రోజుల నుంచి 104 వారాంతపు రోజులను, 12 పండుగ సెలవులను, 24 వ్యక్తిగత సెలవులను తీసేస్తే 225 మిగులుతాయి. అందులో ప్రతిపాదనలకు, శిక్షణకు, కార్యాలయ పనులకు 65 రోజులు పోతే, క్లయింటుకు బిల్లు వేయగలిగినవి 160 మాత్రమే. ఏడాది జీతం 7,20,000ను 160తో భాగిస్తే రోజుకు 4,500 రూపాయలవుతుంది. అద్దె, ఆడిటరు రుసుము, బీమా ఇంకా దానికి కలపాలి. 2,300తో టెండరు గెలిచిన సంస్థ ఆ తేడాను ఎక్కడినుంచో పూడ్చుకోక తప్పదు, అది చివరకు ఉద్యోగుల ఆదివారాలనుంచీ, నిద్రనుంచీ వస్తుంది.

అందరికంటే ముందుగా నలిగిపోయేది ఊరూరా తిరిగి సర్వే ఫారాలు నింపే ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లు. వారికి ఫారానికి ఇంత అని లెక్కగట్టి ఇవ్వకండి. అలా ఇచ్చినప్పుడు తొందరపాటు పెరుగుతుంది, అడగని ప్రశ్నలకు కూడా జవాబులు నిండుతాయి, సర్వే విలువే పోతుంది. రోజువారీ వేతనం ఇచ్చి, ఒక రోజులో చేయదగిన ఇంటర్వ్యూలకు గరిష్ఠ పరిమితి పెట్టండి. ప్రయాణపు రోజును పనిదినంగానే లెక్కించాలి. మహిళా సిబ్బందికి సురక్షితమైన బస ఖరారు కాకుండా బృందాన్ని ఊరికి పంపకూడదు. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో పనిని ఉదయానికీ సాయంత్రానికీ సర్దుకోవాలి; దానివల్ల పెరిగే రోజులను ధరలో ముందే చూపాలి. రైతు ఆత్మహత్యల కుటుంబాలతోనో, గృహహింస బాధితులతోనో మాట్లాడిన బృందానికి మరుసటి రోజు విరామం ఇచ్చి, సూపర్‌వైజరు వారితో తీరికగా కూర్చోవాలి. ఆ బరువును ఒంటరిగా మోయమనడం అన్యాయం.

ఏ పనులు తీసుకోరో కూడా రాసి పెట్టుకోండి. మీరే రూపొందించిన పథకాన్ని మీరే మదింపు చేయకూడదు. ఫలితాలను మార్చమని అడిగే హక్కు క్లయింటుకు లేదని, వాస్తవ దోషాలను మాత్రమే చూపవచ్చని ఒప్పందంలో ఒక షరతు ఉండాలి. సమాచారం ఇచ్చిన గ్రామానికే ఫలితాలను తిరిగి వినిపించే ఒక రోజును బడ్జెట్లో పెట్టండి. ఇది మనకు తెలియని పద్ధతి కాదు: ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీలో తేలిన విషయాలను ప్రజా వేదికల్లో చదివి వినిపించడంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికి దారి చూపింది, 2009లో అందుకోసం ప్రత్యేక సంస్థనే ఏర్పాటు చేసింది.

బిల్లుల ఆలస్యం మంచి సంస్థలను కూడా కుంగదీస్తుంది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి. 2006 ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా 45 రోజులకు మించకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ వర్తిస్తుంది. సంతకం నాడే కొంత అడ్వాన్సు అడగండి. కనీసం ఆరు నెలల జీతాలు నిల్వలో ఉండాలి. డబ్బు తక్కువపడిన నెలలో ఫీల్డ్ సిబ్బందికి ముందు, భాగస్వాములకు చివర చెల్లించాలి.

పదిమంది ఉద్యోగులున్న చోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ తప్పనిసరి. ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లల విషయంలో 26 వారాలు. సిబ్బంది సంఖ్య చట్టం చెప్పినంత లేకపోయినా ఈ రెండింటినీ మొదటి నుంచే పాటించండి. సెలవు కాలపు జీతానికయ్యే ఖర్చును కూడా పై రోజు ధరలోనే కలపండి.

ప్రతి ప్రాజెక్టు ముగిశాక అనుకున్న రోజులనూ, నిజంగా పట్టిన రోజులనూ పక్కపక్కన రాసి సిబ్బంది అందరికీ చూపించండి. తేడా మళ్లీ మళ్లీ వస్తుంటే తదుపరి ప్రతిపాదనలో ధర పెంచండి. క్లయింటు ఒప్పుకోకపోతే ఆ లెక్కనే ముందుంచి, నలభై గ్రామాల సర్వేను ఇరవై ఐదుకు తగ్గించమని అడగండి.