పోకర్‌లో మంచి ముక్కలు పడ్డాయి, ఎదుట అడ్డదిడ్డంగా ఆడేవాడున్నాడు: ఎలా ఆడాలి?

విశాఖలో సరదాగా పోకర్ ఆడే ఏ జట్టులోనైనా ఇలాంటివాడు ఒకడుంటాడు. ముక్కలు సరిగ్గా చూడకుండానే రైజ్ (పందెం పెంచడం) అంటాడు, చేతిలో ఏమీ లేకుండా రివర్ దాకా, అంటే బోర్డు మీద పడే చివరి ముక్క దాకా వస్తాడు. వాడి ముందు రెండు రాజులు పట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు ఒకటే: ముక్కల బలం దాచుకుని, పందెం పెట్టకుండా చెక్ చెక్ అంటూ కూర్చుంటారు. చివరికి వాడికి రెండు జతలు పడతాయి. ఆ తర్వాత అదృష్టాన్ని తిట్టుకుంటారు. అదృష్టం తప్పేమీ లేదు.

ముందు సరంజామా. ప్లాస్టిక్ పేకే కొనండి. సముద్రపు తేమకూ ఉక్కపోతకూ కాగితం ముక్కల అంచులు ఉబ్బిపోతాయి, వాటిలో ఆసు ఏదో వీపు చూసి చెప్పేయొచ్చు. బీచ్ రోడ్డు వైపు మేడ మీద ఆడితే గాలికి ముక్కలు తిరగబడతాయి, గదిలోనే ఆడండి. మనిషికి 1000 చిప్స్, బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు) 5, 10. డబ్బు పెట్టకండి: 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టం కింద కేసవుతుంది. ఆన్‌లైన్‌లో డబ్బుతో ఆడించడాన్ని 2025లో కేంద్ర చట్టం నిషేధించింది. చిప్స్‌తో ఆడినా ఆటలో పస ఏమీ తగ్గదు.

కూర్చునేది ఆ అడ్డదిడ్డం ఆటగాడి ఎడమ పక్కన. అతను ఏం చేశాడో చూశాకే మీ వంతు రావాలి. ఆ కుర్చీ ఖాళీ లేకపోతే ఖాళీ అయ్యేదాకా చిన్న పాట్లు (మధ్యలో పోగయ్యే పందెం మొత్తాలు) ఆడుకోండి.

తర్వాత, అతను ఏ రకమో తేల్చుకోండి. ఒకరు మీద పడే రకం, తనే పందెం పెంచుకుంటూ పోతాడు. ఇంకొకరు వదలని రకం, తను పెంచడు, ఎవరు పెంచినా అంతే పెట్టి కాల్ చేస్తాడు. చూడ్డానికి ఇద్దరి ఆటా పిచ్చిగానే ఉంటుంది, కానీ వీళ్లతో ఆడే తీరు వేరు. రెండు మూడు రౌండ్లు చివర్లో అతను తిప్పిన ముక్కలు చూస్తే తెలిసిపోతుంది.

ఫ్లాప్‌కు, అంటే అందరికీ ఉమ్మడిగా బోర్డు మీద పడే మొదటి మూడు ముక్కలకు ముందు చేయాల్సింది సులువే. రాణుల జత, అంతకన్నా పెద్ద జత, లేదా ఆసు-రాజు ఉంటే గట్టిగా రైజ్ చేయండి. అతను 50 అన్నాడా, మీరు 160 అనండి. 100 అంటే మిగతావాళ్లు కూడా చూద్దామని వచ్చేస్తారు. ఏ ముక్కలతోనైనా వచ్చే ఒక్కడి మీద ఆసుల జత 85 శాతం గెలుస్తుంది. అలాంటివాళ్లు ఇద్దరుంటే 73, ముగ్గురుంటే 64, నలుగురుంటే 56. మిమ్మల్నీ అతన్నీ ఒంటరిగా మిగల్చడమే ఆ 160 పని. రమ్మీలో రాటుదేలినవాళ్లకు ఇది మింగుడుపడదు. పదమూడు ముక్కల ఆటలో చేతిలో ఉన్నది బయటపడకుండా ఉండటమే తెలివి కదా! ఇక్కడ ఆ అలవాటు కొంప ముంచుతుంది. ఎదుటివాడు ఎలాగూ మీ ముక్కల గురించి ఆలోచించడు, ఆలోచించనివాడి దగ్గర దాచి లాభమేంటి?

ఇక ఫ్లాప్. ఆట చెడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

అందరూ తప్పుకుని, అతను కాల్ చేశాడనుకుందాం. రెండు 160లు, బ్లైండ్లు 15 కలిపి పాట్‌లో 335. మీ ఇద్దరి దగ్గరా 840 చొప్పున మిగిలింది. మీ చేతిలో కళావరు రాజు, ఇస్పేటు రాజు.

అతను వదలని రకమై, చెక్ అన్నాడనుకోండి. బోర్డు మీద ఏం పడినా పాట్‌లో మూడింట రెండొంతులు, అంటే 220 పెట్టండి. కాల్ చేస్తే పాట్ 775, మీ దగ్గర 620. టర్న్‌లో, అంటే నాలుగో ముక్క పడ్డాక, అదీ పెట్టేయొచ్చు. ఫ్లాప్‌లో 80 తో సరిపెడితే ఈ లెక్క కుదరదు. పైగా ఫ్లష్‌కు (ఒకే గుర్తువి ఐదు ముక్కలు) ఒక ముక్క తక్కువైనవాడికి టర్న్‌లో అది పడే అవకాశం సుమారు 19 శాతం. 335 పాట్‌కు మీరు 100 లోపు పెడితే ఆ ముక్క కోసం కాచుకోవడం అతనికి గిట్టుబాటే. 220 పెడితే ఆ ముక్కకు ఎక్కువ ధర కట్టి కొంటున్నట్టు, అయినా కొంటాడు. మీకు కావలసింది అదే.

మీద పడే రకమైతే కథ వేరు. ఫ్లాప్‌లో ఇస్పేటు రాణి, డైమన్ 7, ఆఠీన్ 2 పడ్డాయి, అతను 250 అన్నాడు. ఇక్కడ రైజ్ చేయకండి. అతని దగ్గర ఆసు-5 లాంటి చెత్త ఉంటే, ఆసు పడి మిమ్మల్ని దాటే అవకాశం ఒక్కో ముక్కకు ఆరేడు శాతమే. రైజ్ చేస్తే ఆ చెత్త పారేస్తాడు. కాల్ చేస్తే టర్న్‌లో మిగిలిన 590 తనే పెట్టేస్తాడు. అతను తవ్వుకుంటున్న గోతికి మీరు పార లాక్కోకూడదు.

అదే ఫ్లాప్ ఆఠీన్ జాకీ, ఆఠీన్ 10, ఇస్పేటు 6 అయితే కాల్ చేయడం తప్పు. ఇక్కడ అతని చేతిలో ఏ రెండున్నా ఫ్లష్‌కో స్ట్రెయిట్‌కో (వరస ఐదు ముక్కలకో) దారి ఉండొచ్చు. ఒక్క ఆఠీన్ కావలసినవాడికి రెండు ముక్కల్లో అది పడే అవకాశం 35 శాతం. పైగా నాలుగో ముక్కగా ఆఠీన్‌ గానీ రాణి గానీ పడితే, మీరు గెలుస్తున్నారో లేదో మీకే తెలీదు. అందుకే ఇప్పుడే ఆల్-ఇన్, ఉన్న చిప్సన్నీ పెట్టేయండి. ఈ రకం మనిషి ఇలాంటి బోర్డు మీద కాల్ చేయకుండా ఉండలేడు.

రాజుల జతతో ఉండగా ఫ్లాప్‌లో ఆసు కనబడితే బెదిరిపోయి ముక్కలు పారేయకండి. ఇది సుమారు 23 శాతం సార్లు జరుగుతుంది. ఒక ఆసు బోర్డు మీద ఉన్నాక, ఏవో రెండు ముక్కలతో వచ్చినవాడి చేతిలో ఇంకొకటి ఉండే అవకాశం 12-13 శాతమే. ఆసు చేతికొస్తే అసలు వదలడు కాబట్టి ఇంకొంచెం కలుపుకోండి, అయినా పారేసేంత కాదు. మీద పడే రకం ముందు కాల్ చేస్తూ వెళ్లండి. వదలని రకం మాత్రం ఇంతసేపూ కాల్ చేసి చేసి టర్న్‌లో హఠాత్తుగా రైజ్ అన్నాడంటే నమ్మండి. అతని రైజ్ మీద ఒంటి జతతో ఉండకూడదు.

బ్లఫ్ (ఏమీ లేకపోయినా ఉన్నట్టు పందెం పెట్టడం) గురించి ఒక్క మాట: వద్దు. ముక్కలు పారేసి ఫోల్డ్ చేయడం తెలియనివాడి మీద బ్లఫ్ చేయడమంటే చిప్స్ దానం చేయడమే.

రివర్‌లో అతను చెక్ అంటే, మీ జత ఇంకా పైనే ఉంటే, పాట్‌లో సగానికి తగ్గకుండా పెట్టండి. బోర్డు మీద ఒకే గుర్తువి నాలుగు పడి మీ దగ్గర ఆ గుర్తు లేకపోతే మాత్రం చెక్. అతను ఫోల్డ్ చేస్తే మీ ముక్కలు తిప్పి చూపకుండా పేకలో కలిపేయండి. రాజులు చూపించారంటే, తర్వాతి ఆట నుంచి మీ రైజ్‌కు అతను కూడా జాగ్రత్తపడతాడు.