చెరువు జమ్ముతో తాడు పేనడం ఎలా?

నెల్లూరు జిల్లాలో నీరు నిలిచే చోటల్లా జమ్ము కనిపిస్తుంది. పెన్నా కాలువల వెంట, చెరువు కలుజుల దగ్గర, తూముల ముందు పేరుకున్న బురదలో మనిషి ఎత్తుకు మించి పెరుగుతుంది. పారుదలకు అడ్డమని కోసి గట్టుమీదే తగలబెట్టేస్తుంటారు. అంత మంచి నార బూడిదైపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఒక కొడవలి, ఒక గోనెసంచి, కాస్త ఓపిక ఉంటే దానితో చక్కని తాడు పేనుకోవచ్చు.

ముందు మొక్కను పోల్చుకోండి

చెరువులో పొడుగ్గా పెరిగేదంతా జమ్ము కాదు. కాడ మూడు పలకలుగా ఉంటే అది తుంగ. కాడకు కణుపులుంటే కిక్కస గానీ రెల్లు గానీ అయి ఉంటుంది. జమ్ము ఆకులు మొదట్లో ఒకదాన్నొకటి పొదువుకుని, రెండు వరుసలుగా ఎదురెదురుగా లేస్తాయి. పూతకు వస్తే ఇక సందేహమే ఉండదు. కాడ చివర మగపూల కంకి, దాని కింద కాస్త ఖాళీ, ఆ కింద గోధుమరంగు ఆడపూల కంకి ఉంటాయి. మగపూలు పుప్పొడి చల్లి రాలిపోతాయి. ఆడకంకి నెలల తరబడి నిలిచి, చివరకు నూగుగా విచ్చుకుంటుంది. ఒక్క కంకిలోనే లక్షకు పైగా విత్తనాలు ఉండవచ్చు. అవి గాలికి ఎగిరి, తడి బురద దొరికిన చోట మొలుస్తాయి.

శాస్త్రజ్ఞులు దీన్ని టైఫా ప్రజాతిలో చేర్చారు. మన చెరువుల్లో తరచుగా కనిపించేది టైఫా డొమింజెన్సిస్. బాగా భారీగా పెరిగే టైఫా ఎలిఫాంటినాకు ఏనుగ జమ్ము అని పేరు.

ఒక ఆకును మొదలు దగ్గర అడ్డంగా కోసి వెలుతురులో చూడండి. లోపలంతా చిన్న చిన్న గదులు, వాటి మధ్య పలుచని అడ్డుగోడలు, సాలెగూటి పోగుల్లాంటి సన్నని దారాలు కనిపిస్తాయి. ఆ గదుల నిండా గాలే. బురదలో పాకే దుంపకు ఊపిరి అందేది ఈ దారినే. ఆకు మెత్తగా వంగేది ఈ గదుల వల్ల, తెగకుండా నిలిచేది పొడవునా సాగే నారపోగుల వల్ల.

ఎక్కడ కోయాలి?

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే. నీటిమట్టానికి జానెడు పైన కోస్తే, మిగిలిన మోళ్ల గుండా దుంపకు గాలి అంది మొక్క మళ్లీ చిగురిస్తుంది. నీటి లోపలికి కోసి, మోళ్లు కొన్ని వారాల పాటు మునిగి ఉండేలా చూస్తే దుంప ఊపిరాడక కుళ్లిపోతుంది. నార కావలసినవారు పైన కోయాలి, కాలువ బాగుచేసుకోవాలనుకునేవారు కింద కోయాలి. నీళ్లు లేనప్పుడు నిప్పు పెడితే ఆకులు కాలతాయే గానీ బురదలోని దుంప నిక్షేపంగా ఉంటుంది. మళ్లీ తడి తగలగానే లేస్తుంది.

ఈశాన్య రుతుపవనాల వానలు వెనకబట్టి, సంక్రాంతి దాటాక కోతకు దిగితే మంచిది. అప్పటికి చెరువుల్లో నీరు తగ్గుతూ ఉంటుంది, ఆరబెట్టడానికి పొడిగాలి దొరుకుతుంది. పూతకాడ ఉన్న పిలకలను వదిలేసి, పూయని పిలకల్లో ముదిరిన పచ్చి ఆకులనే ఎంచుకోండి. నిలువునా ఎండిపోయిన ఆకు పురి పెట్టేటప్పుడు విరుగుతుంది.

దిగే ముందు దుబ్బులను కర్రతో తట్టండి, పాములుంటే తప్పుకుంటాయి. జలగలుంటాయి కాబట్టి కాళ్లు కప్పుకోండి. నీటికోడి గూడు కనబడితే ఆ దుబ్బును ముట్టుకోవద్దు. పంచాయతీకి, చేపల పాట పాడుకున్నవారికి ముందే ఒక మాట చెప్పండి. మురుగు కలిసే చెరువు జమ్ము మాత్రం వద్దే వద్దు. నీటిలోని సీసం వంటి లోహాలను ఈ మొక్క పీల్చుకుంటుంది.

ఆరబెట్టడం

ఆకులను ఒడ్డుమీదే విడదీయండి. మొదళ్ల మధ్య చిక్కని జిగురు ఉంటుంది. దాన్ని కడిగి గుడ్డతో తుడవకపోతే బూజు పడుతుంది. తర్వాత నీడలో, గాలి ఆడే చోట పలుచగా పరచి, మొదటి రోజుల్లో తరచుగా తిప్పుతుండండి. ఎండలో వేస్తే పెళుసుబారుతాయి. ఆరడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. ఆరే కొద్దీ ఆకు బాగా ముడుచుకుపోతుంది. పచ్చి ఆకుతోనే తాడు పేనితే తర్వాత వదులైపోవడానికి కారణం అదే.

పేనడం

ముందురోజు రాత్రి ఆకులపై నీళ్లు చల్లి, తడి గోనెసంచిలో చుట్టి ఉంచండి. తొట్టిలో నానబెట్టవద్దు. తెల్లవారేసరికి ఆకు వేలికి చుట్టినా విరగకుండా ఉండాలి. ఒక్కో ఆకును కొస నుంచి మొదలు వైపు కత్తి వీపుతో నొక్కుతూ లాగండి. గదుల్లోని గాలీ నీరూ కోసిన మొదలు గుండా చిటపటమంటూ బయటికి వస్తాయి. ఇది మానేస్తే తాడు పైకి లావుగా కనిపించినా లోపల బోలుగా ఉంటుంది.

రెండు ఆకులను మొదలూ కొసా తారుమారుగా పక్కపక్కన పెడితే ఒక పాయ అవుతుంది, మందం సమంగా వస్తుంది. అలాంటి పాయలు రెండు తీసుకుని మేకుకు కట్టండి. ఒక్కో పాయకు కుడివైపు పురి ఎక్కించి, దాన్ని రెండో పాయ మీదుగా ఎడమవైపుకు దాటించండి. పాయల పురి, తాడు పురి ఎదురెదురుగా ఉండాలి. అప్పుడు పాయ విప్పుకోబోతే తాడు బిగుస్తుంది. ఆకు ఇంకా జానెడు మిగిలి ఉండగానే కొత్తది చొప్పించండి. రెండు పాయలకూ ఒకే చోట అతుకు రాకూడదు.

ఈ తాడు ముక్కాలిపీటకు, కుర్చీకి, బుట్ట అంచుకు బాగా పనికొస్తుంది. బావి చేదకు వాడవద్దు. తడుస్తూ ఆరుతూ ఉంటే త్వరగా కుళ్లుతుంది, ఆ పనికి కొబ్బరిపీచు తాడే సరైనది. మిగిలిన ఎండు ఆకులను మోపుగా కట్టి అటక మీద పెట్టుకోండి. వానకాలంలో మధ్య మధ్య విప్పి గాలి తగలనివ్వండి.